పన్నెండో మనిషి

పదకొండు మందిదైతే అలజడి.
పన్నెండో మనిషి వచ్చి కలిస్తే అల్లర్లు.
ఇంగ్లండు చట్టానికి ఆ లెక్క ముఖ్యం.
ప్రెస్టన్ కోర్టులో, నవంబరు ముసురులో,
జడ్జిగారు మాకది మూడుసార్లు చెప్పారు.
జ్యూరీలో మేమూ పన్నెండు మందిమే.
నా కుర్చీ చివరిది.

నా పేరు మార్జరీ ఎంట్విసిల్.
ఇరవై రెండేళ్ళు బడి ముందు రోడ్డు దాటించాను,
పసుపు కోటు, ఆగమని రాసిన గుండ్రటి పలక, దానికో కర్ర.

వీడియోలో శబ్దం లేదు.
హాలోగేట్ వీధి, రాత్రి తొమ్మిదీ నలభై ఒకటి.
ఎర్ర టోపీవాడు ఇటుక విసిరాడు,
వాడికి ఎవరి తోడూ అక్కర్లేకపోయింది.
రెండోవాడికి ఆ ఒక్కడు చాలాడు.
మూడోవాడు ఇద్దర్ని చూసుకుని దిగాడు.
కాల్విన్ రామ్స్‌బాటమ్, పందొమ్మిదేళ్ళు,
తొమ్మిది నిమిషాలు చిప్స్ తింటూ నిలబడ్డాడు.
అతనికి పదకొండు మంది కావలసి వచ్చింది.
ఖాళీ పొట్లం మడిచి చెత్తబుట్టలో వేసి మరీ
పగిలిన అద్దంలోంచి లోపలికి వెళ్ళాడు.
బయటికి తెచ్చింది ఒక్క బూటు.
ఎడమకాలిది. అద్దాల వెనక ఒంటి బూట్లే పెడతారు కదా.

నాకిది బడి దగ్గరే తెలుసు.
కాలిబాట అంచున ఇరవై మంది పిల్లలు,
నేనింకా కర్ర ఎత్తలేదు,
ఒక చిన్న బూటు రోడ్డు మీదికి దిగుతుంది.
మిగతావాళ్ళు బండి వస్తోందేమో చూడరు.
ఆ బూటునే చూస్తారు.

గుంపుకు తల ఉండదంటారు.
మరి ఇటు ఫోన్ల కొట్టు, అటు బూట్ల కొట్టు పగిలాక
మధ్యలో జబ్బార్ మంగలి షాపు చెక్కుచెదరలేదు.
లోపల లైటు వేసుకుని ఆయన నిలబడి ఉన్నాడు.
రాయి ఎత్తిన చేతిని
ఎర్ర టోపీవాడే పట్టుకుని దించాడు.

"మీ అందరి ఉమ్మడి ఉద్దేశం ఏమిటి?"
ప్రాసిక్యూటర్ అడిగితే
కాల్విన్ చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు.
"అందరూ అక్కడ ఉన్నారు," అన్నాడు.

చట్టంలో ఇంకొకరున్నారు:
గుండె దిటవున్న మామూలు మనిషి.
ఆ మనిషి అక్కడుంటే భయపడేదా, అన్నది ప్రశ్న.
నిజంగా ఉండనక్కర్లేదట, ఊహిస్తే చాలట.
ఊహించాను. ప్రతిసారీ ఆ మనిషి ఒంటిమీద
నా పసుపు కోటే.
మోకాళ్ళు వణుకుతున్నాయి, అయినా పలక ఎత్తింది.
ఆగు అంటే కాల్విన్ ఆగేవాడే అనిపించింది.
అనిపించడం సాక్ష్యం కాదు, జడ్జిగారు అదీ చెప్పారు.

తలుపు మూశాక గదిలో జరిగింది
బయట చెప్పడం నేరం.
చేతులెత్తమన్నప్పుడు
ముందు ఎవరిది లేచిందో చెప్పను.
తీర్పేమిటో పేపర్లో వచ్చింది, చూసుకోండి.
బల్ల మీద టీ చల్లారిపోయింది, బిస్కెట్లు ఎవరూ ముట్టలేదు,
ఇంతవరకూ చెప్పొచ్చనుకుంటా.

నా కుర్చీ చివరిదని మాత్రం
ముందే చెప్పాను.