పదిహేడో నంబరు గిన్నె

జూన్‌లో జోంబా కొండ కనపడదు.
మొజాంబిక్ వైపు నుంచి చిపెరోని వచ్చి కప్పేస్తుంది.
వాన అనడానికి లేదు, మంచు అనడానికీ లేదు,
తడిగుడ్డతో ఎవరో ఊరి మొహం తుడుస్తూనే ఉంటారు.

గురువారం నాలుగింటికే
చర్చి వెనక గదిలో మేం ముగ్గురం.
నసిబెకో అమ్మ వేరుశనగ పిండి జల్లిస్తుంది.
లినిలీ చక్కెర కొలుస్తుంది పిసినారిలా,
కిలో ఎంతో తెలిసిన మనిషి మరి.
మొక్కజొన్న జావ తిప్పడం నా వంతు.
తెడ్డు నా భుజం దాకా వస్తుంది.

పెద్దాసుపత్రి గోడ పక్కన
రోగులకంటే రోగం లేనివాళ్ళే ఎక్కువ.
లోపల మంచానికి ఒక మనిషి,
బయట ఆ మనిషికి ఒక మనిషి:
వండడానికి, ఉతకడానికి,
పేరు పిలిస్తే పరిగెత్తడానికి.
వీళ్ళకి మంచం లేదు, చీటీ లేదు,
వీళ్ళ నొప్పికి వార్డు లేదు.

మొదట్లో బైబిలు చేత్తో పట్టుకుని వెళ్ళేదాన్ని.
ఇప్పుడూ తీసుకెళ్తాను, సంచి అడుగున, సబ్బుల కింద.
ఒకసారి ఫలోంబే నుంచి వచ్చిన ముసలాయన
"ప్రార్థన తర్వాత చేద్దువు గానీ తల్లీ,
ముందు ఇది ఎలా ఉతకాలో చెప్పు" అన్నాడు.
చేతిలో భార్య గౌను,
మరక లోపలికి పోయేలా నాలుగు మడతలు.
చన్నీళ్ళు, అన్నాను. నెత్తురుకి వేడినీళ్ళు పనికిరావు.
బండ ముందు ఇద్దరం అరగంట కూర్చున్నాం.
దేవుడి మాట రాలేదు.
వచ్చిందేమో, నాకు తెలీదు.

గిన్నెలు మావి. అరువిస్తాం.
ముప్ఫై రెండు, పక్కన ఎర్ర పెయింటుతో నంబర్లు.
పుస్తకంలో రెండు గళ్ళు: ఇచ్చినది, తెచ్చినది.

పదిహేడు తియామికే తీసుకుంది.
కొడుక్కి తొమ్మిదేళ్ళు, కిడ్నీలు.
వాడు రెండు ముద్దలు కూడా తినడని తెలిసీ
రోజూ ఇద్దరికి వండేది.
మిగిలింది పక్కపొయ్యి వాళ్ళకి పెట్టి
"ఇవాళ కాస్త తిన్నాడు" అని చెప్పేది.
పక్కపొయ్యి వాళ్ళు నోరు విప్పేవాళ్ళు కాదు.

ఒక మంగళవారం రాత్రి
మొక్కజొన్న బస్తాల లారీ ఎవరిదో దొరికింది.
బస్తాల మధ్య తల్లి, ఒళ్ళో చితెంజేలో చుట్టిన పిల్లవాడు,
కాళ్ళ దగ్గర గిన్నె.

నెలాఖరుకి కోశాధికారి కఫ్వీతి గారు లెక్క తీశారు.
"పదిహేడు ఏది?"
"వాడుకలో ఉంది."
"ఆ అబ్బాయి పోయాడన్నారుగా?"
"గిన్నె వాడుకలోనే ఉంది."
ఆయన పెన్నుకి మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.
గడి ఖాళీగా వదిలేశారు.

నేనన్నది అబద్ధం కాదనే అనుకుంటాను.
ఎక్కడో ఒక వంటింట్లో
ఆ గిన్నెలో ఇద్దరికి సరిపడా ఉడుకుతూ ఉంటుంది,
ఒక్కరే తింటూ ఉంటారు.

ఆగస్టులో మా గది గుమ్మం ముందు ఒక గిన్నె.
నంబరు లేదు. చెవి ఊడితే తీగ చుట్టారు.
లోపల చిలగడదుంపలు ఐదు, మట్టి కూడా దులపలేదు.
ఎవరు పెట్టారని కాపలావాణ్ణి అడిగితే
ఆడమనిషి అన్నాడు, కాసేపటికి కాదు కుర్రాడన్నాడు,
మినీబస్సు ఆగీ ఆగకుండానే వెళ్ళిపోయిందన్నాడు.

"ఇది మనది కాదు" అన్నారు కఫ్వీతి గారు.
నిజమే. మాదానికంటే చిన్నది, అడుగు మందం.
దుంపలు ఉడకేసుకుని నలుగురం తిన్నాం,
ఆయన రెండు తిన్నారు.

మళ్ళీ గురువారం వచ్చేసరికి
ఆ గిన్నె అరలో ఉంది, పదహారు పక్కన.
ఎర్రగా పదిహేడు, ఏడు కాస్త వంకర.
పెయింటు నా బొటనవేలికి అంటింది.

ఇవాళ దాన్ని మచింగా నుంచి వచ్చిన సైదీకి ఇచ్చాను,
చెల్లెలు ప్రసవాల వార్డులో ఉంది.
నెత్తిమీద తెల్ల టోపీ సర్దుకుంటూ అడిగాడు,
"మీ చర్చి గిన్నె నేను తీసుకోవచ్చా?"

మంట తగ్గించి వండు, అన్నాను.
చెవి దగ్గర తీగ కాలుతుంది, జాగ్రత్త.