పదకొండూ, ఒకటీ

కంచాలు అనకూడదట, ప్లేట్లు.
సరే, ప్లేట్లు.
పట్నం బజారులో మా కొట్టుకి
పాత పేపర్లు చుట్టుకుని మిర్చి గోతంలో వచ్చాయి.
విప్పుతుంటే నాకు నాలుగు తుమ్ములు.
ఫ్రాన్సు సరుక్కి గుంటూరు ఘాటు పట్టడం ఎంతసేపు!

హైదరాబాదు నుంచి డాక్టరు గారు
చీకటితో బయల్దేరి వచ్చారు.
కుర్చీ తుడిచి వేస్తే కూర్చోలేదు.
ఒక్కో ప్లేటూ వేళ్ల కొసల మీద నిలిపి
గోటితో మీటారు.

మీటితే పలకాలి.
సైకిలు సందు మలుపు తిరిగిపోయాక
చెవిలో మిగిలే బెల్లు మోతలా.
వెంట్రుకంత పగులున్నా
జలుబు చేసిన గొంతు అది, దాగదు.

తర్వాత ఫోను లైటు.
వెనక వెలుగు, ముందు నా చెయ్యి,
మధ్య ప్లేటు.
మీగడ అవతల నిలబడ్డట్టు నా వేళ్లు.
"అసలుదే" అన్నారు.
ప్లేటునో నన్నో తెలియలేదు.

అడుగున ఆకుపచ్చ ముద్ర,
నాకు నోరు తిరగని ఊరి పేరు.
అంచున కందిగింజంత గులాబీలు,
వాటి చుట్టూ బంగారు గీత.
గీత ఒక్క చోటే మెరుస్తోంది, మిగతాదంతా మాసిన నూలు.
"ఎందుకిలా?"

చాకు గాట్లు లేవు చూడండి, అన్నాను.
దొరలు తిన్నవి కావు ఇవి.
పొగాకు కంపెనీ గెస్ట్‌హౌసు మూసేసిన రోజున
వంట జక్కరయ్యకి ఏడు నెలల జీతం కింద
పెట్టె విప్పకుండా ఇచ్చి పంపారు.
ఏడాదికి ఒక్క పూట, క్రిస్మస్ నాడు,
వేడన్నం, కోడికూర, గోంగూర.
సాయంత్రానికి రూతమ్మ చేతిలో చింతపండు.
ఇత్తడి తోమిన చెయ్యి
పింగాణీని మాత్రం ఊరుకుంటుందా?
తోమిన మేరా బంగారం పోయింది.
ఆమె ఎడమ బొటనవేలు పట్టిన చోట
ఉంది.

ఆయన విన్నారు. విని,
"అరుగుదల" అని రాసుకున్నారు,
చిన్న అక్షరాలతో.

పన్నెండోది వెనక్కి తిప్పితే
ఐదు రాగి కుట్లు.

మా తాత నాగుల్ మీరా పని ఇదే.
సంకలో పెట్టె, చేతిలో విల్లు బరమా,
కొసన రవ్వ ముక్క.
వెనక నుంచి సగం దాకానే తొలవాలి,
ముందుకి పొడుచుకొస్తే కూలి ఉండదు,
పైగా ప్లేటు ఖరీదు.
కోడిగుడ్డు సొనలో సున్నం కలిపి పూసేవాడట.
ఇది ఆయన చెయ్యేనా?
ఆ రోజుల్లో ఊళ్లో ముగ్గురు కుట్టేవాళ్లని
నాయన అనేవాడు.
మిగతా ఇద్దరి పేర్లు చెప్పేలోపే పోయాడు.

"ఇది లెక్కలోకి రాదు.
పదకొండుకే ధర కట్టండి.
దీన్ని ఊరికే ఇస్తే గోడకి తగిలిస్తా."

ఎముకల డాక్టరాయన.
ఆ మాట నేను ఎత్తలేదు.

బేరమూ ఆడలేదు.
బల్ల మీద నిన్నటి పేపరు పరిచి
కుట్ల ప్లేటు పెట్టి
సగం గ్లాసు నీళ్లు పోశాను.
టీ వచ్చింది. తాగాం.
రూతమ్మ మనవడి ఫీజు గడువు శనివారమని
ఎందుకో ఆయనతో అన్నాను.
కరెంటు పోయింది.
ఫ్యాను ఆగాక
నీళ్లలో వణుకూ ఆగింది,
ఐదు గులాబీలు అడుగున కదలకుండా ఉన్నాయి.

గ్లాసులు తీసుకెళ్లడానికి కుర్రాడొచ్చాక
రెండు చేతులతో ప్లేటు లేపాను.
కింద యార్డులో నిన్నటి మిర్చి ధర,
ఒక్క అంకె కూడా
తడవలేదు.