పన్నెండో మెట్టు

బరంపురంలో మా అద్దకం కొట్టు మీద
రంగం క్లబ్బుకి పదిహేడు మెట్లు.
పన్నెండోది వదులు.
తెలిసినవాడు దాటేస్తాడు, తెలియనివాడు తూలిపడతాడు.
ఆ చప్పుడుకి పైన వాయిద్యం ఆగిపోయేది,
ఎవరో కొత్తవాడొచ్చేడని.

నలభై రెండులో రంగం నించి నడిచొచ్చినవాళ్ళు
పిల్లల్ని మోసుకొచ్చేరు, గిన్నెలు మోసుకొచ్చేరు.
బీపల కూర్మయ్య మెడకి వేళ్ళాడేసుకున్నది
ఒక శాక్సాఫోను.
దారిలో బియ్యం అడిగినచోటల్లా ఊది చూపించేనన్నాడు.
నిజమో, కోతో.
ఒక మీట ఊడిపోయిన మాట మాత్రం నిజం,
ఆ కంతకి సైకిలు ట్యూబు ముక్క అతికించుకున్నాడు.

పగలు పెళ్ళి ఊరేగింపులు. ఎర్రకోట్లు, జరీ భుజాలు,
పెళ్ళివారడిగిందే వాయించాలి.
రాత్రి పదకొండు దాటేక
కోట్లు మేకులకి తగిలించి
ఎవరూ అడగనిది వాయించుకునేవారు.
హాడు నాహక్ డోలుని కొట్టేవాడు కాదు,
చీపురుపుల్లల కట్టతో ఊడ్చేవాడు.
ఖుర్దా రోడ్డు గార్డుగారి భార్య రోజలిన్
హార్మనీ మీద ఏడుస్తోందో నవ్వుతోందో
తేల్చుకోలేక వెళ్ళిపోయినవాళ్ళున్నారు.
తెలుగు పాటా ఒడియా పాటా అన్న పేచీ లేదు,
పాటకి మాటలుంటే కదా.
పేచీలన్నీ అద్దె దగ్గరే.

అద్దె వసూలు మా అమ్మది. లెక్క కూడా ఆవిడదే.
ఖాతా నా దగ్గరుంది, చెదలు తినగా మిగిలింది:
కలకత్తా రీడు, ఒకటి, రెండు రూపాయలు.
చీపుర్లు మూడు.
ఠాణాకి, వినిపించుకోనందుకు, పన్నెండణాలు.
అరవై ఎనిమిది నించి కూర్మయ్య దగ్గు మందు,
ఆ తరవాత తెల్ల కాగితాలు.

ఇప్పుడక్కడ బ్యాంకు పరీక్షల కోచింగు.
మెట్లన్నీ సిమెంటు చేసేరు, సమానంగా.

అమ్మకి రాగాలు తెలీవు.
కింద కాగులో పట్టునూలు ఉడకబెడుతూ
ఏ స్వరానికి పైకప్పు సున్నం రాలుతుందో,
ఎవరి కాలు ఎన్నో మెట్టు మీదుందో
లెక్కపెట్టుకునేది.

యాభై నాలుగులో ఒక వానరాత్రి
చేతులకి నీలం రంగు కడుక్కోకుండానే
లేచి, పైకెళ్ళింది.
పన్నెండోది దాటేసింది.
చప్పుడు లేదు. వాయిద్యం ఆగలేదు.
తెలిసినవాళ్ళెవరో అనుకుని
కూర్మయ్య కళ్ళు తెరవలేదు.

గోడ మీద అయిదు నీలం వేళ్ళు
నా చిన్నప్పటిదాకా ఉండేవి.
ఆ నాటి పద్దు ఒకటే ఉంది, కొంచెం వంకరగా:
ప్రవేశం, ఒకరు. నాలుగణాలు.
బాకీ.