సానరాయి ఆగిన చోటు

పోస్టాఫీసులో నాది మూడో కిటికీ.
ఈమధ్య స్టాంపులు తక్కువ, స్టిక్కర్లే ఎక్కువ.
ఐదు యూరోలు, బండి కాగితం.
నెంబరు కొడతాను, తెర చెబుతుంది:
నీలం, సగం పచ్చ సగం నీలం,
ఆకుపచ్చ, పసుపు.
అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ళ,
బండికి నుదుటి రాత.
రాసేది నేను కాదంటే
ఎవరూ నమ్మరు.

మంగళవారం బెలార్మీనో వచ్చాడు,
టోపీ చంకన పెట్టుకుని.
కాగితం మడతల దగ్గర చిరిగితే
టేపు మీద టేపు అతికించి ఉంది.
కత్తులకు సానపట్టే మనిషి.
ఊరెన్సె కొండల వైపు నుంచి వచ్చి
ముప్పై ఏళ్ళుగా మా వీధులు తిరుగుతున్నాడు.
తొంభై ఒకటి నాటి మోపెడ్.
స్టాండు వేసి వెనక చక్రం పైకెత్తితే
ఆ ఇంజనే బెల్టుతో సానరాయిని తిప్పుతుంది.
బండీ అదే, దుకాణమూ అదే.

నెంబరు కొట్టాను.
తెర మీద ఏ రంగూ రాలేదు.
"అది ఏడు కాదమ్మా, ఒకటి. మళ్ళీ చూడు."
మళ్ళీ చూశాను.
"రంగు లేదండీ."
"లేదంటే, తెలుపా?" అన్నాడు.

అబద్ధం ఎందుకు,
పాత ఊరి చుట్టూ ఈ గీత గియ్యమని
సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.
బస్సులు మలుపు తిరిగే చోట మా ఇల్లు, కింది అంతస్తు.
కర్టెన్లు ఉతికితే
డికాషన్ లాంటి నీళ్ళు దిగేవి.
మా ఫుయెన్సాంత బడికి బయల్దేరే ముందు
ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చేది.
ఇప్పుడది సంచి అడుగున
పెన్సిల్ పొట్టులో పడి ఉంది.
మోపెడ్ పొగ ఎంతని? గుక్కెడు.
గుక్కెడు గుక్కెడే కదా
అందరం కూడబెట్టింది.

గురువారం ఈల వినిపించింది.
ప్లాస్టిక్ గొట్టాల మీద పెదవి జారుస్తూ
పైకి వెళ్ళి కిందికి దిగే ఆ ఈల.
కార్లు లేని వీధిలో
ఎన్నడూ చేరని చోటికి చేరింది,
నా కిటికీ అద్దం దాకా.
మోపెడ్ వంతెన అవతల,
కెమెరా కంటికి అడుగు దూరంలో.
మనిషి మాత్రం నడిచి లోపలికి.
గడప గడపకూ కత్తులు పోగేసి,
పిడికి దారంతో పేరు కట్టి,
సంచిలో వేసుకుని వంతెన దాటి,
సానపట్టి, మళ్ళీ నడిచి.

నాలుగో విడతలో
పోలీసమ్మాయి లెయిరె ఆపింది.
"సంచిలో ఏమిటి?"
"ఇరవై మూడు కత్తులు, రెండు కత్తెరలు."
"పదునువేనా?"
కాస్త ఆలోచించాడు.
"ఇటు వచ్చేటప్పుడు అవును.
అటు వెళ్ళేటప్పుడు కాదు."
పై బాల్కనీ నుంచి మాంసం కొట్టు ఒబ్దూలియా అరిచింది:
"ఆ పెద్దది నాది! రెండింటిలోపు కావాలి!"
లెయిరె పుస్తకం తెరిచింది,
ఏం రాయాలో తోచక
మూసింది.

భోజనం వేళ నేనూ వెళ్ళాను,
మా వంటింటి కత్తి పేపర్లో చుట్టుకుని.
గీత దాటాక
నేలా అదే, గాలీ అదే అనిపించింది,
అతను ఇంజను తన్నేదాకా.
నీలం పొగ.
ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను.
పదకొండు దగ్గర ఓడిపోయాను.
నిప్పురవ్వలు అతని చొక్కా మీద పడి
చల్లారిపోతున్నాయి.
"బ్యాటరీతో తిరిగేవి వచ్చాయంట కదా," అన్నాను.
వినిపించుకోలేదో, ఇంజను చప్పుడో.
బొటనవేలితో అంచు తడిమి
కత్తి చేతికిచ్చాడు.
రెండు యూరోలు పుచ్చుకున్నాడు,
నా కిటికీలో అతను ఖర్చుపెట్టకుండా మిగిలిన
ఐదులోంచి ఇంకా మూడు బాకీ అన్నట్టు అనిపించింది నాకే.

ఆ రాత్రి టమాటా కోయబోతే
వేలు తెగింది.

సానవాడి ఈల వినిపిస్తే వాన అని
మా అమ్మమ్మ అనేది.
నమ్మను గనక
కర్టెన్లు తీగ మీదే వదిలేశాను.
తెల్లారేసరికి తడిసి ముద్దయ్యాయి.
వేలికి గుడ్డ చుట్టుకుని పిండాను.
దిగిన నీళ్ళను
గిన్నెలో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాను.
ఏ రంగూ లేదు.