తులం ఎత్తు

నార్ది కొయ్యలో రంపం పన్ను విరిగింది.
ముడి అనుకున్నాను.
ముడి అయితే రంపం మూలుగుతుంది,
ఇది కీచుమంది.

ఉలితో తవ్వితే
పుట్టగొడుగులా తల విచ్చుకున్న తూటా.
చుట్టూ కొయ్య నల్లబడి
అంచున చిలుము పచ్చ.

మా నాయన సిలార్ సాబు ఉదయగిరిలో
గరిటెలకంటే ముందు తుపాకి మడమలు చెక్కేవాడు.
మోచేతి నుంచి వేలి దాకా జానతో కొలిచి
దవడ ఆనేచోట మైనం రుద్ది
మనిషిని కాసేపు ఊపిరి బిగబట్టమనేవాడు.
తను మాత్రం ఒక్కనాడూ పేల్చలేదు.

మా అరుగు మీద ఆ ఏళ్లంతా ఒకటే తగాదా.
ఆదిశేషారెడ్డిది థర్టీ నాట్ సిక్స్.
"సన్నది, వడిగలది. నాలుగొందల గజాలైనా
దారం లాగినట్టు పోతాది.
మూరెడు ఎత్తిపట్టు, చాలు."

రేంజరు దేవసహాయానిది త్రీ సెవెంటీఫైవ్.
"బరువైంది గాలికి బెదరదు రెడ్డీ.
నీది తగిలినాక కూడా కణితి ఆలోచించుకుంటది.
నాది తగిలితే ఇంక ఆలోచన లేదు."

"నీదా! మూడొందలు దాటితే
నెత్తిన గంపున్న ముసలమ్మ.
ఆడనే కూలబడతాది."

నాయన ఆకురాయి ఆపకుండా అనేవాడు:
"దెబ్బ ముందు మీ భుజానికే గదయ్యా.
నేను దానికి తగ్గట్టు చెక్కతా."
రెడ్డి మడమకు ఇత్తడి బిళ్ల,
రేంజరు మడమకు సైకిలు టైరు రబ్బరు.

అరవై తొమ్మిది, మార్చి.
సీతారాంపురం దోవలో
లోయకు ఈ గట్టున వీళ్లు, ఆ గట్టున కణితి.
రెండు పేలుళ్లు ఒకటే చప్పుడై
దుర్గం కొండకు కొట్టుకుని
మూడై తిరిగొచ్చాయంట.

పడిన కణితికి గాయం ఒకటే.
ఇటు నుంచి అటు. లోపల ఏమీ మిగల్లేదు.
కొమ్ములు రెడ్డి గోడెక్కాయి.
రేంజరు మళ్లీ ఆ ఇంటి గడప ఎక్కలేదు,
మా అరుగు కూడా.

నలిగిన తూటాకు వెడల్పు కొలిచే వీల్లేదు.
బ్రహ్మయ్యాచారి త్రాసులో పెట్టించాను.
నాయన చెప్పిన లెక్క నాకింకా గుర్తే:
రెడ్డి తూటా నూట ఎనభై గ్రెయిన్లు, సరిగ్గా తులం.
రేంజరుది ఒకటిన్నర తులం పైమాట.

ఆచారి గురిగింజలు వేశాడు, తీశాడు,
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వేశాడు.
"తులానికి మూడు గింజలు తక్కువమ్మా.
ఆ కాస్తా చెట్టు తినేసినట్టుంది."

అయితే రెడ్డిదే.
అయితే?
తప్పిపోయి చెట్టుకు తగిలిందా,
కణితిని దాటొచ్చి తగిలిందా?
దుంగ వలయాలు లెక్కపెట్టాను. తూటా మీద నలభై మూడు.
సంవత్సరం చెప్పింది చెట్టు,
అంతకు మించి పెదవి విప్పలేదు.

రేంజరు ఒంగోలు ఆస్పత్రిలో ఎప్పుడో పోయాడు.
రెడ్డి ఉన్నాడు, చెవులు రెండూ పోగొట్టుకుని,
కుడి భుజం ఎడమదానికంటే రవ్వంత వాలి.
తూటా అరచేతిలో పెట్టాను.
వేలితో అటూ ఇటూ దొర్లించాడు.
గోడ మీది కొమ్ముల వైపు చూడలేదు.
చాలాసేపటికి,
"బరువుగానే ఉండాది. దేవసహాయానిదే" అన్నాడు.

ఓడిపోయాడో, మళ్లీ గెలిచాడో,
అడుగుదామంటే ఆయనకు వినపడదు.
తులం మాట నేనూ ఎత్తలేదు.

ఆ దుంగలో మిగిలిన దానితో ఏడు గరిటెలొచ్చాయి.
ఒకదాని గిన్నెలో ఆ నల్లటి మచ్చ,
ఎంత నునుపు పెట్టినా పోలేదు.
మొన్న బస్టాండులో ఒకామె
ఎండకెత్తి చూసి అడిగింది:
"ఈ మచ్చేంది? పది తగ్గించు."

తగ్గించాను.