ప్రతిగమనం

కడప, అల్మాస్‌పేట. ముప్పై ఏడో ఇల్లు.
"ఇంట్లో ఎంతమంది?"
దస్తగిరి వేళ్లు మడుస్తా మడుస్తా ఆగినాడు.
"మాబున్నిని కలపాల్నా సార్?"

పన్నెండు నెలలు దాటితేనే వలస, మా నిర్వచనం.
పదకొండో నెలలో కోయిట్ నుంచి వచ్చి
పన్ను పీకించుకొని, పాపకు చెవులు కుట్టించి
ఇరవై రోజులకే మళ్లీ విమానమెక్కిందామె.
నా ఫారంలో ఎక్కడికీ పోలేదు.

ఆ పోని మనిషే ఫోన్లో అడుగుతాంది:
"లెక్క అందిందా?"
మా సీమలో డబ్బునూ లెక్కే అంటారు.

రాత్రి నాలుగొందల ఇళ్లను చుక్కలు చేసినా.
అడ్డంగా చదివిన ఏండ్లు, నిలువుగా పంపిన దినార్లు.
మధ్యన గీత
ఎవరి గడపా తొక్కకుండా
బుద్ధిగా పైకి పోయింది.
బడి మొహం చూడని మాబున్ని
గీతకు జానెడు పైన, ఒంటిగా.

"ఆ చుక్క తీసెయ్, గీత కుదురుకుంటాది" అన్నారు మా సారు.
తీసి చూసినా. కుదురుకుంది.
మళ్లీ పెట్టినా.

రిగ్రెషన్‌కు తెలుగు పుస్తకంలో మాట ప్రతిగమనం.
తిరిగి రావడం.
ఆ మాట కింద పెన్సిల్‌తో
'ఎన్ని నెలలకు?' అని రాసుకున్నా.