ముల్లు లేని గాలం

బుధవారం సాయంత్రాలు, క్లాక్స్‌విక్ చర్చి వెనక గదిలో
స్కేలు పట్టుకుని కూర్చునేదాన్ని నేను.
ఇరవై రెండు సెంటీమీటర్లు. సాగదీసి కొలవాలి.
ఆక్టోపస్ కాలు అంతకు మించితే
నెలలు నిండని మెడకి చుట్టుకోవచ్చు.
కుట్ల మధ్య అగ్గిపుల్ల దూరకూడదు.
కళ్లకి గుండీలు వద్దు, దారంతోనే కుట్టాలి.
వేడినీళ్లలో ఉడికించినంత పనిచేసినా రంగు దిగకూడదు.
ఇవన్నీ కాగితం మీద రాసి గోడకి అంటించాం.
చదివేవాళ్లు తక్కువ. అందుకే నేను.

పోయిన నవంబర్లో హానుస్ వచ్చాడు,
నలభై ఒక్క ఏళ్లు ట్రాలర్ వలలు బాగుచేసిన మనిషి.
గుమ్మంలో బూట్ల వాన దులుపుకుంటూ
పదకొండు మంది ఆడవాళ్లని ఓసారి చూసి,
తప్పు రేవుకొచ్చిన పడవలా వెనక్కి తిరగబోయాడు.
మార్గున్ కుర్చీ లాగింది. కాఫీ పోసింది.
పోశాక వెళ్లిపోవడం మా దీవుల్లో మర్యాద కాదు.

క్రోషే సూదిని దీపానికెత్తి చూసి
"ముల్లు లేదే," అన్నాడు.
"ముల్లు లేని గాలానికి ఏం పడుతుంది?"
ఎవరూ జవాబు చెప్పలేదు. మార్గున్ మాత్రం నవ్వు ఆపుకోలేక
ఏడు కుట్లు తప్పింది.

అతని ఎడమ చూపుడువేలు సగమే.
మిగతా సగం ఏ తుఫాను రాత్రో వించి నమిలేసిందట.
ఆ సగం వేలికే దారం చుట్టి
వలలాగే అల్లాడు మొదటిది:
కన్ను కన్నుకీ రెండు వేళ్లు పట్టేంత సందు.
దూది అటూ ఇటూ తొంగిచూసింది.
తిప్పి ఇచ్చేశాను.

రెండోది బిగించాడు. ఎంత బిగించాడంటే
బల్ల మీద పడితే చప్పుడయింది.
తిప్పి ఇచ్చేశాను.

మూడోది కాలు పొడుగు. నాలుగోదీ అంతే.
"నా చేతిలోంచి ఇన్నేళ్లలో ఒక్క చేపా జారలేదు తెలుసా," అన్నాడు,
ముఖం ఎర్రబడి.
"తెలుసు హానుస్. కానీ ఇక్కడ పట్టుకునేది మనం కాదు."
నేనూ ఆలోచించి అన్న మాట కాదది.
స్కేలు కేసి చూస్తూ అనేశాను.

ఆ రాత్రే తోర్షావన్ నుంచి నర్సు సున్వోర్ వచ్చింది పెట్టెల కోసం.
చెప్పింది: ఎనిమిది వందల గ్రాముల బిడ్డ
ముక్కుకి పెట్టిన గొట్టాన్నే పీకేస్తుంది.
వేళ్లకి ఈ కాళ్లు అందిస్తే వీటిని పట్టుకుంటుంది.
బొడ్డుతాడు అనుకుంటుందేమో,
డాక్టర్లు ఒట్టేసి చెప్పరు, నేనూ చెప్పను అంది.
"పిడికిలి ఎంతుంటుంది?" హానుస్ అడిగాడు.
ఆమె గదంతా వెతికింది కళ్లతో.
డబ్బాలోంచి రెండు కాఫీ గింజలు తీసి
అతని అరచేతిలో పక్కపక్కన పెట్టింది.
అంత పెద్ద అరచెయ్యి, అందులో రెండు గింజలు.
అతను చెయ్యి మూయలేదు చాలాసేపు.
తర్వాత జేబులో వేసుకుని
చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ బుధవారం, మరుసటి బుధవారం రాలేదు.

మూడో వారం వచ్చాడు, వల దారం రంగు పచ్చటి ఆక్టోపస్‌తో.
కొలిచాను. ఇరవై ఒకటిన్నర.
మళ్లీ కొలిచాను, మనసు ఒప్పుకోక.
అగ్గిపుల్ల దూరలేదు. నొక్కితే మెత్తగా లొంగింది.
ఒక కన్ను కాస్త పైకి పోయింది, పోనీ.
అప్పుడు కాళ్లు లెక్కపెట్టాను:
తొమ్మిది.

"తొమ్మిది," అన్నాను.
"ఒకటి జారిపోతే?" అన్నాడు,
వల కొసన ఎప్పుడూ ఒక మూర తాడు మిగులుస్తారే, అలా.

గోడ మీది కాగితం పై నుంచి కింది దాకా చదివాను.
పొడుగు ఉంది, కళ్లున్నాయి, దూది ఉంది,
కాళ్లెన్నో ఎక్కడా రాయలేదు.
మార్గున్ నా వైపే చూస్తోంది, సూది ఆపి.

పెట్టెలో వేశాను. టేపు అంటించాను.
మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్లిపోయింది అది,
సొరంగంలోంచి, కొండల మీదుగా.

అక్కడ ఎవరు పట్టుకున్నారో, ఏ కాలు పట్టుకున్నారో
మాకు చెప్పరు. అడగకూడదని కూడా
కాగితంలో రాసి ఉంది.
హానుస్ ఇప్పుడు పదిహేడోది అల్లుతున్నాడు.
లెక్క సరిగ్గా ఎనిమిదే వేస్తాడు,
నేను చూస్తున్నప్పుడు.